పదిహేను డిస్కుల్లో ఆన్యెస్ వార్దా: క్రైటీరియన్ బాక్స్ సెట్ సమీక్ష

ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా 2019 మార్చి 29న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆగస్టులో అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ ఆమె తీసిన 39 చిత్రాలను, కథాచిత్రాలూ లఘుచిత్రాలూ డాక్యుమెంటరీలూ అన్నీ కలిపి, 15 బ్లూరే డిస్కులుగా, 200 పేజీల పుస్తకంతో సహా ఒకే పెట్టెలో విడుదల చేసింది. అసలు ధర దాదాపు 250 డాలర్లు. మన దేశానికి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ ఖర్చులు దీనికి అదనం. ఇంత సొమ్ము పెట్టేముందు పెట్టెలో ఏముందో, దాన్ని ఎలా అమర్చారో తెలుసుకోవడం మంచిది.

డిస్కులను కాలక్రమంలో కాకుండా విషయాల వారీగా విభజించారు. మొదటి డిస్కులో ఆమె చివరి చిత్రం 'వార్దా బై ఆన్యెస్' ఉంది. తన పని తీరును ఆమె స్వయంగా ప్రేక్షకుల ఎదుట కూర్చుని వివరించిన చిత్రమిది. కొత్తగా చూసేవారికి ఇంతకంటే మంచి ప్రవేశం దొరకదు. రెండో డిస్కులోని 'లా ప్వాంత్ కూర్త్' ఆమె తొలి చిత్రం. అప్పటివరకు నాటకశాలలో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న వార్దా, సినిమాల్లో ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండానే, 1954లో సేత్ రేవుపట్నంలోని జాలరిపేటకు వెళ్లి, అతి తక్కువ డబ్బుతో దాన్ని తీశారు. పాత పద్ధతులను కాదని కొత్త తరహా సినిమాలు తీసి, ఫ్రెంచి నవతరంగంగా పేరుపడిన దర్శకుల ప్రసిద్ధ చిత్రాలన్నీ ఆ తర్వాత వచ్చినవే. అంతకు ముందటి ఏడాదే మన భానుమతి 'చండీరాణి'కి తెలుగు, తమిళ, హిందీ భాషల్లో దర్శకత్వం వహించారన్న సంగతి ఈ డిస్కు చూస్తున్నంతసేపూ గుర్తుకు రాక మానదు. భానుమతి చిత్రాలకు ఇలాంటి పెట్టె ఎవరైనా తయారుచేస్తే ధర చూడకుండా కొనేవారిలో నేనూ ఉంటాను.

నా దృష్టిలో ఈ సెట్‌కు ప్రాణం నాలుగో డిస్కు. అందులోని 'డగెరియోటైప్స్' తీసేనాటికి వార్దా కుమారుడు పసివాడు. ఇల్లు విడిచి దూరం వెళ్లే వీలు లేక, పారిస్‌లో తాము కాపురమున్న ర్యూ డగేర్ వీధినే చిత్రీకరించాలని ఆమె నిశ్చయించుకున్నారు. దీపాలకు కావలసిన కరెంటును తన ఇంటి నుంచే, ఎనభై తొంభై మీటర్ల తీగతో లాక్కున్నారు. ఆ తీగ ఎంతవరకు అందితే అంతవరకే షూటింగు. రొట్టెల అంగడి, మాంసం కొట్టు, దర్జీ, క్షౌరశాల, ఇలా ఆ హద్దులోపల ఉన్నవారే పాత్రధారులయ్యారు. సెంట్లు అమ్ముకునే వృద్ధ దంపతుల దుకాణంలో, సాయంత్రమయ్యేసరికి ఎక్కడికో వెళ్లాలన్న తపనతో ఆ ఇల్లాలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడిపోతుంది. కెమెరా ఆమెను తొందరపెట్టదు. తల్లి అయిన దర్శకురాలు పని మానుకోవాలా, బిడ్డను వదులుకోవాలా అని లోకం అడిగే ప్రశ్నకు తీగ కొలతతో ఇచ్చిన జవాబుగా నాకీ చిత్రం కనిపిస్తుంది.

స్త్రీల హక్కుల గురించి ఆమె నేరుగా మాట్లాడిన చిత్రాలు ఏడో డిస్కులో ఉన్నాయి. గర్భస్రావం నేరంగా ఉన్న 1971లో, తామూ ఆ పని చేయించుకున్నామని బహిరంగంగా ప్రకటించిన 343 మంది ఫ్రెంచి మహిళల్లో వార్దా ఒకరు. 1977 నాటి 'వన్ సింగ్స్, ది అదర్ డజంట్' ఆ ఉద్యమం నడిచిన ఏళ్లను ఇద్దరు స్నేహితురాళ్ల జీవితాల మీదుగా చెబుతుంది. 1972లో బొబిన్యీ కోర్టులో నడిచిన గర్భస్రావం కేసును వాదించిన న్యాయవాది జిజేల్ అలిమి ఇందులో తన పాత్రను తానే పోషించారు. అక్కడక్కడ పాటలు సాగదీసినట్టు అనిపించినా, చట్టం మారకముందు ఆడవాళ్లు పడ్డ ఇక్కట్లను ఉపన్యాసం దంచకుండా చూపిన తీరు మెచ్చుకోదగినది. దానితోపాటు ఉన్న ఎనిమిది నిమిషాల టీవీ చిత్రం 'రెపోన్స్ ద ఫామ్'లో వివిధ వయసుల స్త్రీలు, కొందరు వివస్త్రలుగానే, కెమెరా కళ్లలోకి సూటిగా చూస్తూ తమ శరీరం గురించి తామే మాట్లాడతారు. ఇంటిల్లిపాదీ కలిసి చూసేందుకు ఉద్దేశించినది కాదని ముందే చెప్పడం సమీక్షకుడి బాధ్యత.

అయితే స్త్రీవాద చిత్రాలంటూ ఒక డిస్కును వేరు చేయడమే ఈ అమరికలోని లోపం. మిగిలిన పద్నాలుగింటిలో ఆ ఊసు లేదేమోనన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఐదో డిస్కులోని 'ల బొనూర్' ('ఆనందం', 1965) ఆమె వేసిన అతి పదునైన ప్రశ్న. పొద్దుతిరుగుడు పూలు, మొజార్ట్ సంగీతం, ముచ్చటైన కుటుంబం. భార్య చనిపోయాక ఆమె స్థానంలోకి మరో స్త్రీ వచ్చి, అవే పనులు చేస్తూ, ఆ ఇంట్లో లోటే తెలియనట్టు కలిసిపోతుంది. ఆ వెలుగు, ఆ రంగులు ఈ ప్రతిలో ఎంత నిండుగా ఉన్నాయంటే ఒళ్లు జలదరిస్తుంది. వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన బంగారు సింహం గెలుచుకున్న 'వాగబాండ్' (1985) కూడా ఒంటరిగా తిరిగే ఆడపిల్లను ఊరు ఎన్ని కళ్లతో చూస్తుందో చెప్పే చిత్రమే.

2017లో వచ్చిన గౌరవ ఆస్కార్ వంటి సత్కారాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. 2018లో కాన్ చలనచిత్రోత్సవపు మెట్ల మీద సమానత్వం కోరుతూ 82 మంది మహిళలు నిలబడినప్పుడు, వారి ప్రకటనను నటి కేట్ బ్లాంచెట్‌తో కలిసి చదివినది ఈ వార్దాయేనని మాత్రం చెప్పుకోవాలి.

కొనేవారికి ఒక హెచ్చరిక. బ్లూరే డిస్కుల కోసం ప్రపంచాన్ని రీజియన్లుగా విభజించారు; ఒక రీజియన్ డిస్కు మరో రీజియన్ ప్లేయర్‌లో మామూలుగా ఆడదు. ఈ డిస్కులు అమెరికా ఉన్న రీజియన్ ఎ కోసం తయారైనవి. భారతదేశం రీజియన్ సి కిందికి వస్తుంది. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఏ చిక్కూ లేదు గానీ, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు అన్ని రీజియన్లనూ చదివే ప్లేయర్ ఉంటే తప్ప ఆర్డరు పెట్టకూడదు. ఉపశీర్షికలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫిల్మ్ సొసైటీలు, విశ్వవిద్యాలయాల సినిమా శాఖలు తమ గ్రంథాలయాలకు దీన్ని నిస్సంకోచంగా తెప్పించుకోవచ్చు. సొంత డబ్బు పెట్టేవారు ముందు వార్దా చిత్రాలైన 'క్లియో ఫ్రమ్ 5 టు 7', 'ది గ్లీనర్స్ అండ్ ఐ' విడిగా ఎక్కడైనా చూసి, అవి నచ్చితేనే పెట్టె జోలికి రావడం మేలు.