హోమ్ ఐసోలేషన్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? ఆ యాప్‌తో జాగ్రత్త

వైజాగ్ వాళ్ళందరికీ, 2021లో రాస్తున్న మాట ఇది. ఇంటికొచ్చి కోవిడ్ శాంపిల్ తీసుకెళ్ళే ఆ ల్యాబ్ పేరు ఇక్కడ రాయను. వాట్సాప్‌లో తిరుగుతున్న పాంప్లెట్ చూసినవాళ్ళకి అర్థమైపోతుంది.

పోయిన వారం నాకు పాజిటివ్ వచ్చింది. 6,500 కట్టి 14 రోజుల ప్యాకేజీ తీసుకున్నాను. ఆక్సీమీటరు వచ్చింది. రోజూ వస్తుందన్న డాక్టర్ ఫోన్ ఒక్కసారే వచ్చింది, అదీ 2 నిమిషాలు. వాళ్ళ యాప్ మాత్రం మహా శ్రద్ధగా పనిచేసింది.

మూడో రోజు పొద్దున్నే చెల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. నా ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ వెళ్ళిందట. నా పేరు పెట్టి మరీ, "మీకు తెలిసిన వీరికి కోవిడ్ పాజిటివ్. మీరూ టెస్ట్ చేయించుకోండి, ఈ వారం 10 శాతం తగ్గింపు" అని! పాలవాడికి, వాచ్‌మన్‌కి, ఆఫీసులో అందరికీ. చెల్లికి సంబంధం మాట్లాడుతున్న గాజువాక వాళ్ళకి కూడా.

అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా పేషెంట్ల ఇళ్ళ బయట పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వీళ్ళు గోడ జోలికి పోలేదు లెండి, 400 ఫోన్లలో అంటించారు.

ఐసోలేషన్‌లో ఉన్నాను, వెళ్ళి నిలదీయడానికీ లేదు. ఫోన్ చేస్తే ల్యాబ్ కుర్రాడు నవ్వాడండీ! "కాంటాక్ట్స్ చూడటానికి మీరే అలో నొక్కారు కదా సార్, నలుగురికీ జాగ్రత్త చెప్పినట్టే కదా" అన్నాడు. దగ్గుతూనే అరిచాను. డబ్బులు తిరిగివ్వమంటే ఆక్సీమీటరు వాడేశారు కదా అన్నాడు. నా వివరాలు తీసేయమంటే, "డేటా మా దగ్గర ఉండదు సార్, హైదరాబాద్‌లో ఉంటుంది" అట. అదేదో నిన్న రాత్రి బస్సెక్కి వెళ్ళిపోయినట్టు!

నన్ను నేనే తిట్టుకోవాలి. 2020 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వ కోవిడ్ యాప్ ఆరోగ్య సేతు వచ్చినప్పుడు బ్లూటూత్, లొకేషన్ అంటూ ఇంటిల్లిపాదికీ క్లాసు పీకింది నేనే. దానికైనా 2020 మే 11న, కాంటాక్టు, లొకేషన్ వివరాలు మామూలుగా 180 రోజులకి మించి ఉంచకూడదని ఒక రూల్ పెట్టారు. ఇలాంటి ప్రైవేటు యాప్‌లని అడిగేదెవరు? వ్యక్తిగత డేటా బిల్లేమో 2019 డిసెంబరులో పార్లమెంటు కమిటీకి వెళ్ళి, 2021లోనూ అక్కడే ఉండిపోయింది. ఇవన్నీ తెలిసిన పెద్దమనిషి 101 జ్వరంలో నాలుగుసార్లు అలో నొక్కాడు.

ఆక్సీమీటరు మందుల షాపులో కొనుక్కోండి. ఆ యాప్ ఇప్పటికే ఎక్కించుకుంటే, ముందు సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేసి తర్వాత డిలీట్ చేయండి. మెసేజ్ అందుకున్నవాళ్ళు కంగారు పడకండి, నేను బాగానే ఉన్నాను. గాజువాక వాళ్ళు తప్ప అందరూ ఫోన్ చేసి అడిగారు.