డ్యామేజ్, డ్యామేజెస్: రెండూ ఒకటి కాదు

2023 జులై వానలకు వరంగల్ కాలనీల్లకు నీళ్లొచ్చి ఇండ్లల్ల సామాను ఖరాబ్ అయింది కదా, అది డ్యామేజ్, ఎంత నష్టమైనా ఇంగ్లీషుల ఏకవచనమే. పేరు పోయినా, లివర్ పాడైనా గదే మాట. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఇంజురీ అనాలె, మనిషినే డ్యామేజ్ అయిండు అంటే వస్తువు లెక్క చూసినట్టుంటది, నాకైతే అస్సలు నచ్చదు.

డ్యామేజెస్ అంటే కోర్టు ఇప్పించే పైసలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి కొంటనని కాగితం రాసిచ్చి తప్పినోని మీద కేసేస్తే, 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 కింద అడిగేది గివే, అవి గూడ ఆ తప్పుతోని నేరుగ వచ్చిన నష్టానికే, సుట్టు తిరిగి వచ్చిన దూరపు నష్టాలకు రావు. గందుకే వరద నష్టం దరఖాస్తుల 'ఇంటికి డ్యామేజెస్ అయినయ్' అని రాయకుండ్రి.