మెదడు ఆటల పరీక్షలో పోలిక ఎవరితో? ఊరికే ఉన్నవాళ్లతోనా, వేరే పని చేసినవాళ్లతోనా?

అమలాపురం దగ్గర మా పెద్దమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, ట్యాబ్‌లో బొమ్మల జతలు కలిపే ఆట ఆడుతుంది. కొబ్బరికాయలు ఒలిచి గట్టిపడ్డ వేలు కదా, మొదట్లో రెండు మూడుసార్లు నొక్కితే గానీ స్క్రీన్ కదిలేది కాదు. నెల తిరిగేసరికి స్కోరు రెట్టింపైంది. "బుర్ర పదునెక్కిందిరా" అని ఒకటే సంబరం. ఆ వారమే, పొద్దున వేసుకున్న బీపీ మాత్ర మళ్లీ వేసుకోబోతుంటే నేను ఆపాను.

పదునెక్కింది బుర్రా, వేలా? ఇది తేల్చాలంటే ఆట ఆడినవాళ్లను ఎవరితో పోల్చాలన్నదే అసలు చిక్కు.

లాటరీ వేసి సగం మందికి ఆట ఇచ్చి, మిగతావాళ్లను ఊరికే ఉంచడం తేలిక, ఖర్చూ తక్కువ. అమెరికాలో 'యాక్టివ్' అనే పరీక్ష ఇలాగే చేశారు. 65 దాటిన 2,832 మందిని తీసుకుని జ్ఞాపకశక్తి, తర్కం, వేగం ఒక్కో బృందానికి ఒక్కోటి నేర్పారు. కంప్యూటర్ మీద నేర్పింది వేగం ఒక్కటే. నాలుగో బృందానికి ఏమీ లేదు. ఎవరికి ఏది నేర్పితే అందులో మెరుగయ్యారని 2002లో తేలింది. పదేళ్ల తర్వాత, శిక్షణ పొందిన మూడు బృందాలవాళ్లూ రోజువారీ పనుల్లో ఇబ్బంది తక్కువగా ఉందన్నారు. కానీ అది వాళ్లు చెప్పుకున్న మాట. నలుగురితో కూర్చుని, ఒకరు శ్రద్ధగా నేర్పితే ఎవరికైనా హుషారొస్తుంది. అందులో శిక్షణ వాటా ఎంతో ఊరికే ఉన్నవాళ్లతో పోలిస్తే తెలియదు.

నమ్మకానికీ బలం ఉంది. మెదడుకు మేలంటూ ఊరించే ప్రకటన చూసి వచ్చినవాళ్లకు, ఒక్క గంట శిక్షణతోనే ఐక్యూ మార్కులు 5 నుంచి 10 దాకా పెరిగాయని 2016లో ఒక అధ్యయనం చూపింది. మామూలు ప్రకటన చూసి వచ్చినవాళ్లకు పెరగలేదు.

అందుకే నా ఓటు రెండో పద్ధతికి. పోలిక బృందానికీ అదే ట్యాబ్, అదే అరగంట, అదే పలకరింపు. పని మాత్రం వేరే. 2010లో 11,430 మందితో బ్రిటన్‌లో జరిగిన ఆరు వారాల పరీక్షలో పోలిక బృందం ఇంటర్నెట్‌లో జవాబులు వెతికింది. ఆటల్లో స్కోర్లు పెరిగాయి గానీ ఆ లాభం ఆట దాటి రాలేదు. వాళ్లంతా 60 లోపువాళ్లు కాబట్టి మా పెద్దమ్మ సంగతి దానితో తేలిపోయిందనలేను.

మా వైపు ఆ వేరే పని ఏమిటన్నది జాగ్రత్తగా ఎంచాలి. గళ్లనుడికట్టు చదువు రానివాళ్లకు కుదరదు. పులిజూదమంటే ఎత్తులు వేయాలి, అదే ఒక శిక్షణ అయిపోతుంది. పాత పాటల వీడియోలు నయం. అయితే "దీనివల్ల మీకెంత మేలనుకుంటున్నారు?" అని రెండు బృందాలనూ ముందే అడిగి రాసుకోవాలి. పాటలవాళ్ల ఆశ మరీ తక్కువగా ఉంటే ఆ పోలిక చెల్లదు.

ఒకే వీధిలో ఇద్దరికి రెండు రకాలిస్తే అరుగు మీద ట్యాబ్‌లు చేతులు మారతాయి. కాబట్టి లాటరీ ఊరి లెక్కన వేయాలి, ఊళ్లు ఎక్కువ కావాలి. వరదొచ్చి లంక ఊళ్లవాళ్లు మధ్యలో మానేసినా, వాళ్లను మొదట పడిన బృందంలోనే లెక్కించాలి.

చివర చూడాల్సింది స్కోరు కాదు. ఎవరు ఏ బృందమో తెలియని మనిషి వచ్చి, వారం మాత్రలు, ఏడు గళ్ల డబ్బా ముందు పెట్టి, ఏ రోజువి ఆ గడిలో సర్దమనాలి.