కలిమెల దోతారా: కర్ర బాగుంది, తీగలు మాత్రం మార్చాల్సిందే

పేరులో రెండు తీగలు, వాద్యం మీద నాలుగు. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో, ఎం.వి. అని నంబర్లే పేర్లుగా ఉన్న బెంగాలీ ఊళ్ల పక్కన బతికే తెలుగువాళ్లకి దోతారా అనే ఈ మీటే వాద్యం కొత్తేమీ కాదు. దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పాటల్లో చెవిన పడుతూనే ఉంటుంది. ఇప్పుడు కలిమెలలో ఒక దుకాణం కలకత్తా సరుకు తెప్పించి నాలుగు వేల పైచిలుకుకి అమ్ముతోంది. మన భజనలకీ తత్త్వాలకీ పనికొస్తుందా అంటే, భేషుగ్గా. బెంగాల్లో ఊరూరా తిరిగి పాడే బాఉల్ గాయకులు పాడేదీ దేహతత్త్వమే కదా. కాకపోతే సంచిలోంచి తీసీ తీయగానే వాయిద్దామంటే కుదరదు.

ముందు కర్ర సంగతి. బుర్ర, మెడ ఒకే వేప దుంగలోంచి తొలిచారు. మనం ఇచ్చే డబ్బంతా దీనికే. అతుకు మెడ ఉన్న చవక రకమైతే తీగల బిగువుకి మెల్లగా ముందుకి వంగుతుంది, తీగలు మెడ మీది రేకు నుంచి పైకి లేచిపోతాయి. కొనేటప్పుడు మెడ వెనక గోటితో గీరి చూడండి, రంగు కింద అతుకు గీత తగిలితే వద్దు. బుర్ర మీద కప్పిన తోలు మేకదేనా అని కూడా అడగండి. పాత దోతారాలకి ఉడుము తోలు వేసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడది నేరం. ఆ నాదమే వేరని పెద్దలంటారు, అననివ్వండి.

వీణకున్నట్టు మెట్లుండవు, నున్నటి ఉక్కు రేకు మీద వేలు జారుతుంది. స్వరస్థానం కొలతలో దొరుకుతుంది. పైన తీగ ఆనే ఎముక పట్టీ నుంచి, కింద తోలు మీద తీగల్ని మోసే గుర్రం దాకా దీనికి 46 సెం.మీ. అందులో నాలుగో వంతు, అంటే 11.5 సెం.మీ. దగ్గర ఆ తీగకి మధ్యమం. మూడో వంతు, 15.3 దగ్గర పంచమం. సరిగ్గా సగం, 23 దగ్గర పై షడ్జం. రేకు పక్క కర్ర మీద పెన్సిల్ చుక్కలు పెట్టుకోండి.

అసలు లోపం ఇక్కడే ఉంది. సగం దూరంలో తీగ రేకుకి 5 మి.మీ. ఎత్తున ఉంది. అంత కిందికి నొక్కేసరికి తీగ బిగిసి, చుక్క మీదే వేలున్నా సా కాస్త పైకి పలుకుతుంది. కొత్తవాళ్లు తమ చెవినే అనుమానిస్తారు పాపం. 3 మి.మీ.కి దించాలి. మధ్యలో 2 తగ్గాలంటే గుర్రం దగ్గర 4 తగ్గాలి. తీగలు వదులు చేసి, గుర్రం అడుగుని గరుకు కాగితం మీద అర మిల్లీమీటరు చొప్పున రుద్దుతూ, ప్రతిసారీ బిగించి చూడండి. ఎక్కువ రుద్దితే తీగ రేకుకి తగిలి జివ్వుమంటుంది. అప్పుడిక కొత్త గుర్రమే, అది ఈ దుకాణంలో దొరకదు.

వచ్చిన నాలుగు తీగలూ ఒకే మందం, అదేం లెక్కో మరి. ఒకటిన్నర (సి షార్ప్) శృతికి మంద్ర పా 0.35 మి.మీ., రెండు సా తీగలూ 0.28, మా 0.22 వేస్తే బిగువు దాదాపు సమానంగా ఉంటుంది. గిటారు తీగలు విడిగా కొంటే సరిపోతుంది. ఒకదాన్ని బిగిస్తే తోలు దిగి మిగతావి వదులవుతాయి, కాబట్టి ఒక్క చుట్టుతో శృతి నిలవదు, మూడు నాలుగు సార్లు తిరగాలి. తీగ బిగించే బిరడ జారితే సుద్దముక్క రాయండి, పట్టేస్తే పొడి సబ్బు.

వానాకాలం మల్కన్‌గిరి తేమకి తోలు మెత్తబడి నాదం బొద్దుగా మారుతుంది. కుంపటికి రెండడుగుల దూరంలో కాసేపు పట్టుకుంటే తేరుకుంటుంది. ఎండలో పెట్టారో, బిగిసిన తోలు అంచున చిట్లుతుంది. వాయించాక బిరడలు అర చుట్టు వదిలేయడం మంచిది.

దుకాణంలో ‘ఏ బెంగాలీ పాటకైనా ఇదే’ అంటారు. నమ్మకండి. కూచ్‌బెహార్, రంగపూర్ వైపు భవాయియా అనే జానపద పాటలకి వాడే దోతారా వేరు, దాని తీగలు లావు, మెత్తన. ఆ పాటల గాయకుడు అబ్బాసుద్దీన్ అహ్మద్‌ని విని ఆ నాదం కోసం ఇది కొంటే నిరాశే. రవీంద్ర సంగీతానికైతే కమానుతో వాయించే ఎస్రాజ్ వెతుక్కోండి.

సంచి పల్చటి గుడ్డ. బండి మీద తీసుకెళ్లేటప్పుడు తోలు మీద తువ్వాలు మడిచి పెట్టండి, గుర్రం పక్కకి జరక్కుండా దాని కాళ్ల చోటు ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.