ఎంపలగోసో, ఎంపలగార్: ఇంగ్లీషులో ఏది మేలు?

స్పానిష్ నేర్చుకుని అనువాదాలు మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: తీపి ఎక్కువై వెగటు పుట్టించేదాన్ని చెప్పే ‘ఎంపలగోసో’ అన్న విశేషణానికి ఇంగ్లీషులో ‘క్లాయింగ్’ అని రాసేస్తే చాలా? చాలాచోట్ల చాలు. చిక్కంతా దాని క్రియ ‘ఎంపలగార్’తోనే.

మూడు రకాల పాలలో నానబెట్టే త్రేస్ లేచేస్ కేకును ఎవరైనా ఎంపలగోసో అన్నారనుకోండి, క్లాయింగ్ చక్కగా నప్పుతుంది. తీపి మితిమీరిందనీ, ఇక తినబుద్ధి కావడం లేదనీ రెండూ అందులో వస్తాయి. ‘టూ స్వీట్’ అంటే పంచదార ఎక్కువైందని మాత్రమే తెలుస్తుంది. మాటల్లో అయితే ‘సిక్లీ స్వీట్’ ఇంకా సహజం.

క్రియ దగ్గర నేను ముందు చూసేది, మొహం మొత్తింది ఎవరికి అన్నది. స్పానిష్‌లో ‘మే ఎంపలాగ’ అంటే ఆ తీపి నాకు వెగటు పుట్టిస్తోందని. ‘మే ఎంపలగే’ అంటే తిని తిని నాకే మొహం మొత్తిందని. రెండింటిలోనూ ‘నాకు’ ఉంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ‘క్లాయ్’ ఉన్న మాట నిజమే కానీ, ‘దిస్ కేక్ క్లాయ్స్ మీ’ అని ఈరోజుల్లో ఎవరూ అనరు. ‘ఇట్ క్లాయ్స్ ఆఫ్టర్ ఎ వైల్’ అంటారు, అక్కడ తిన్న మనిషి మాయమైపోతాడు. ఈ రెండు క్రియల పుట్టుకలోనూ తేడా ఉంది. ఎంపలగార్ సముద్రం అనే అర్థమున్న లాటిన్ మాట ‘పెలగుస్’ నుంచి వచ్చింది, నడిసముద్రంలోకి మరీ దూరం వెళ్లిపోవడం దాని పాత అర్థం. క్లాయ్ మూలంలో ఉన్నది గుర్రం గిట్టలో దిగిన మేకు.

ఇంగ్లీషు క్రియలో తిన్న మనిషి కనిపించడు కాబట్టే, క్రియకు క్రియే కావాలన్న పట్టు వదిలేయమంటాను. క్రిస్మస్‌కి తురోన్ అనే బాదం మిఠాయి తెగ తినేసిన మనిషి ‘మే ఎంపలగే’ అంటే, ‘ఐ కాంట్ టేక్ అనదర్ బైట్’ అని రాస్తాను. మాట మారినా ఆ వెగటు ఎవరిదో తెలుస్తుంది. ‘మొహం మొత్తడం’ ఎరిగిన మనకు స్పానిష్ అర్థం ఇట్టే అందుతుంది కాబట్టి, ఇంగ్లీషు వాక్యాన్ని కూడా ఆ అనుభవం వైపు నుంచే కట్టడం మేలు.

మనుషుల విషయానికొస్తే, అతిగా గారాలు పోయేవాళ్లనూ ముద్దుమాటలతో విసిగించేవాళ్లనూ ఎంపలగోసో అంటారు. కథనంలో క్లాయింగ్, సంభాషణలో ‘మష్షీ’ నా ఎంపిక. కొందరు ‘క్లింగీ’ వాడుతున్నారు, అది తప్పు. క్లింగీ అంటే వదలకుండా అంటిపెట్టుకుని ఉండేవాడు, వాడి మాటల్లో తీపి ఉండాలనేం లేదు. ‘సిరపీ’ సినిమాలకూ పాటలకూ ఫర్వాలేదు.