ముందే నిల్వ చేయాలా, ఇండెంట్ వచ్చాక పంపాలా? సైనిక సరఫరాలో ఏది మేలు?

సైన్యంలోని సరఫరా దళాలకు తరతరాలుగా తెగని ప్రశ్న ఒకటి ఉంది. ముందు వరుసలో ఉన్న యూనిట్‌కు కావలసిన తిండి, నీరు, ఇంధనం, మందుగుండు, విడిభాగాలను వారు అడగకముందే అంచనా వేసి పంపి దగ్గరలో నిల్వ చేయడం మేలా, లేక ఆ యూనిట్ ఇండెంట్ (ఇంత సరుకు కావాలని రాసి పంపే కోరిక పత్రం) పెట్టిన తరువాత, పెట్టినంత మేరకు మాత్రమే పంపడం మేలా అన్నదే ఆ ప్రశ్న. యుద్ధ చరిత్ర రాసేవారు దీన్ని సేనాధిపతి కోణం నుంచి చూస్తారు. అయితే గోదాములో లెడ్జర్ రాసేవారికీ, రాత్రిళ్లు లారీ నడిపేవారికీ, పెట్టెలు ఎత్తి దించేవారికీ ఈ రెండు పద్ధతులూ రెండు వేర్వేరు జీవితాలు. వారి రోజువారీ పనిని లెక్కలోకి తీసుకోనిదే ఏది మేలో తేలదని నేను నమ్ముతాను.

ముందస్తు నిల్వకు బలమైన ఉదాహరణ మన దేశంలోని లద్దాఖ్. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారి 3,500 మీటర్లకు పైబడిన ఎత్తులో జోజి లా కనుమ గుండా సాగుతుంది. శీతాకాలంలో అక్కడ మంచు పేరుకుని రాకపోకలు ఆగిపోతాయి. అందువల్ల సైన్యం ప్రతి సంవత్సరం దారి తెరిచి ఉన్న నెలల్లోనే చలికాలానికి సరిపడే రేషన్, ఇంధనం, చలి దుస్తులు, మందుగుండు పైకి చేరవేస్తుంది. ఇక్కడ ఇండెంట్ కోసం ఎదురుచూడడం అనే ఆలోచనకే తావు లేదు. జనవరిలో ఒక పోస్టులో కిరోసిన్ అయిపోయిందని తెలిస్తే, దాన్ని తీసుకువెళ్లడానికి హెలికాప్టర్ తప్ప మార్గం ఉండదు, ఆ హెలికాప్టర్ ఎగరడం వాతావరణం దయ మీద ఆధారపడి ఉంటుంది. దారి మూసుకుపోతుందని ముందే తెలిసిన చోట నిల్వ పద్ధతికి పోటీ లేదు.

కానీ సరుకు దగ్గరకు చేరినంత మాత్రాన మనిషి చేతికి అందినట్టు కాదు. 1854-55 శీతాకాలంలో, రష్యాతో యుద్ధం జరుగుతున్న క్రిమియాలోని బలాక్లావా రేవులో బ్రిటిష్ సైన్యం సరుకులు దిగుతూనే ఉన్నాయి, అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని శిబిరాల్లో సైనికులు మాత్రం ఆకలితోను, చలితోను, రోగాలతోను చనిపోయారు. రేవుకూ శిబిరానికీ మధ్య ఉన్న బాట బురదగా మారింది. ఆ బాటలో బండ్లు లాగవలసిన గుర్రాలు మేత లేక కూలిపోయాయి. సైనికులకు వేయించని పచ్చి కాఫీ గింజలు ఇచ్చారు, వాటిని వేయించుకోవడానికి వంటచెరకు ఇవ్వలేదు. 1855 తొలి నెలల్లో సుమారు ఏడు వారాల్లో ఒక రైలు మార్గం వేసిన తరువాత గానీ రేవులోని నిల్వకు విలువ రాలేదు. ఆ కాఫీ గింజలు పంపిన వారు తమ కాగితాల్లో సరఫరా పూర్తయిందనే రాసుకుని ఉంటారు. అంచనాతో పంపే పద్ధతిలో ఉన్న అసలు లోపం ఇదే: పంపేవారికి తమ లెక్క కనబడుతుంది గానీ, తీసుకునేవారి పొయ్యి కనబడదు.

నిల్వ పద్ధతిలో రెండో కష్టం ఏ పెట్టెలో ఏముందో తెలియకపోవడం. 1991 గల్ఫ్ యుద్ధానికి అమెరికా దాదాపు 40,000 కంటైనర్లు పంపింది. వాటిలో సగానికి పైగా, లోపల ఏముందో తెలియక ఎడారిలో తెరిచి చూడవలసి వచ్చింది. ఒక్కో కంటైనర్‌ను తెరిచి, దించి, లెక్కించి, మళ్లీ సర్దడం వెనుక ఎందరి రోజులు, ఎన్ని ఎండలు కరిగిపోయాయో ఊహించవచ్చు. అందులోనూ ఒక వికృతమైన చక్రం నడిచింది. తాము అడిగిన విడిభాగం రాలేదనుకున్న యూనిట్ అదే ఇండెంట్‌ను రెండోసారి, మూడోసారి పెడుతుంది. ఆ మూడూ నిజమైన అవసరాలుగానే నమోదై మూడింతల సరుకు బయలుదేరుతుంది, గుట్ట ఇంకా పెరుగుతుంది, పెరిగిన గుట్టలో మొదటి పెట్టె ఇంకా లోతుకు పోతుంది.

గుట్ట పెరిగే కొద్దీ దాని జ్ఞానమంతా ఒక్క స్టోర్‌కీపర్ బుర్రలోకి చేరుతుంది. ఏ వరుసలో పాత బస్తాలు ఉన్నాయో, ఏ టార్పాలిన్ కింద తడి చేరుతుందో, లెడ్జర్‌లో ఉండి గోదాములో లేని వస్తువులేవో అతనికి తెలుసు. నోటీసు బోర్డు మీద అతని బదిలీ ఉత్తర్వు పడిన రోజు ఆ యూనిట్‌కు నిజంగా పెద్ద వార్త. హ్యాండింగ్ ఓవర్‌కు రెండు రోజులే ఇస్తే కొత్తగా వచ్చినవారు పెట్టెల మీది రాతలను నమ్మి సంతకం పెడతారు, లోపల తక్కువ తేలితే ఆ బాధ్యత ఆ సంతకానికే చుట్టుకుంటుంది. నిల్వ పెద్దదయ్యే కొద్దీ హ్యాండింగ్ ఓవర్‌కు రోజులు పెంచాలి. సిబ్బంది బదిలీ తేదీలను నిర్ణయించేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఎన్నో విచారణలు తప్పుతాయి.

ఇండెంట్ పద్ధతి ఈ బరువును చాలావరకు దించుతుంది. అడిగిందే వస్తుంది, వచ్చింది వాడతారు, పాడైపోయేది తగ్గుతుంది, యూనిట్ కదలవలసి వచ్చినప్పుడు వదిలి వెళ్లవలసిన గుట్ట ఉండదు. విడిభాగాల విషయంలో దీనికి సాటి లేదు, ఎందుకంటే ఒక వాహనంలో వేలాది భాగాలుంటాయి, వాటిలో ఏది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు, అన్నింటినీ నిల్వ చేయడం అసాధ్యం. అయితే ఈ పద్ధతి రెండు విషయాలను ముందే ఉన్నట్టు భావిస్తుంది: ఇండెంట్ వెనుకకు చేరడానికి సమాచార సంబంధం, సరుకు ముందుకు రావడానికి తెరిచిన దారి. 1991 అనుభవంతో అమెరికా సైన్యం కంటైనర్లకు రేడియో ట్యాగులు తగిలించి, నిల్వలు తగ్గించి, 2003లో ఇరాక్‌లోకి వెళ్లినప్పుడు ఈ రెండూ సరిపోలేదు. ముందుకు సాగిన యూనిట్లకూ వెనుక ఉన్న డిపోలకూ మధ్య దూరం వందల కిలోమీటర్లకు పెరిగింది. టైర్లు, ట్యాంకుల ట్రాక్ భాగాలు, లిథియం బ్యాటరీలు, ఆహార పొట్లాలు కొరవడ్డాయని అమెరికా చట్టసభ తరఫున లెక్కలు చూసే సంస్థ తరువాత తేల్చింది. వీటిలో ఆహార పొట్లాలు కూడా ఉండడం గమనించదగినది, ఎందుకంటే మనిషి రోజుకు ఎంత తింటాడో ఎవరూ ఇండెంట్ పెట్టి చెప్పనవసరం లేదు.

సరుకు ఎంత ఉన్నా, చివరికి దాన్ని మోసేది డ్రైవర్. 1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లో మిత్రరాజ్యాల సైన్యం ఊహించినదానికన్నా వేగంగా దూసుకుపోయింది, నిల్వలన్నీ నార్మండీ తీరంలోనే మిగిలిపోయాయి. ఆ ఎడం పూడ్చడానికి ఆగస్టు 25 నుంచి నవంబర్ 16 వరకు రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో లారీల ప్రవాహం నడిచింది. ఉధృతంగా ఉన్న దశలో దాదాపు 6,000 లారీలు రోజుకు 12,500 టన్నుల వరకు చేరవేశాయి. డ్రైవర్లలో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి సైనికులు. ఇతర వాహనాలను రానివ్వకుండా, వెళ్లడానికి ఒక దారి, రావడానికి ఒక దారి కేటాయించి, పగలూ రాత్రీ నడిపారు. నిద్ర చాలక వాహనాలు దారి తప్పడం, టైర్లు అరిగిపోవడం, ఇంజన్లు కూలబడడం మామూలైపోయింది. మోసుకెళ్లే లారీలే ప్రతిరోజూ బోలెడంత ఇంధనం తాగేవి. ఖాళీ జెర్రీ క్యాన్లను వెనక్కి తేకుండా దారి పక్కన పారవేయడంతో, ఇంధనం ఉన్నా నింపడానికి డబ్బాలు లేని పరిస్థితి వచ్చింది. నిల్వ చేసిన చోటు ఒకటై, అవసరమైన చోటు మరొకటైనప్పుడు ఆ రెండింటి మధ్య దూరాన్ని మనుషుల నిద్రతో కొనవలసి వస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఒకే చోట అన్నీ పెట్టడంలోని ప్రమాదాన్ని కూడా మరువరాదు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో మే 25న బ్రిటిష్ సరుకులు మోస్తున్న అట్లాంటిక్ కన్వేయర్ అనే ఓడ అర్జెంటీనా క్షిపణి దాడిలో తగలబడినప్పుడు గుడారాలతో పాటు మూడు భారీ చినూక్ హెలికాప్టర్లు కూడా పోయాయి, ఒక్కటి మాత్రమే మిగిలింది. హెలికాప్టర్లలో వెళ్లవలసిన బ్రిటిష్ సైనికుల్లో చాలామంది వీపున బరువులతో బురద నేలలు నడిచి దాటారు.

ఈ చర్చలో ఎవరూ లెక్కించని మరో తేడా ఉంది. నిల్వ పద్ధతిలో పెద్ద కాన్వాయ్‌లు అరుదుగా వస్తాయి, ఇండెంట్ పద్ధతిలో చిన్న బండ్లు తరచుగా వస్తాయి. బండి వచ్చినప్పుడల్లా సరుకుతో పాటు ఉత్తరాలు వస్తాయి, సెలవు నుంచి తిరిగివచ్చేవారు దిగుతారు, సెలవుపై వెళ్లేవారు అదే బండి వెనుక భాగంలో ఎక్కుతారు, ఎవరికి పదోన్నతి వచ్చిందో, ఎవరికి బిడ్డ పుట్టిందో డ్రైవర్ నోటి ద్వారా తెలుస్తుంది. నెలల తరబడి బండి రాని పోస్టులో గోదాము నిండుగా ఉన్నప్పటికీ మనుషులు వెలితిగా ఉంటారు. నిల్వ ఎంత ఉన్నా, దారి తెరిచి ఉన్నంత కాలం చిన్న బండి ఒకటి క్రమం తప్పకుండా నడవాలని నేను గట్టిగా అంటాను.

ఇక తీర్పు విషయానికి వస్తే, రెండు పద్ధతుల్లో ఒకదాన్ని మొత్తానికి ఎంచుకోవడమే పొరపాటని నా అభిప్రాయం. వస్తువును బట్టి ఎంచుకోవాలి. తలకు ఇంత అని లెక్క కట్టగలిగిన తిండి, నీరు ముందే పంపాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫ్రాన్స్‌కు ఓడల్లో పంపిన మందుగుండు సుమారు 52 లక్షల టన్నులైతే, గుర్రాలు, కంచరగాడిదల మేత 54 లక్షల టన్నులు. పోరు ఉన్నా లేకున్నా మేత రోజూ కావాలి కాబట్టి అంత పరిమాణాన్నీ ఇండెంట్ లేకుండానే లెక్కగట్టవచ్చు. మందుగుండు ఎప్పుడెంత ఖర్చవుతుందో చెప్పలేము, అయినా అది అయిపోయాక అడిగే వ్యవధి ఉండదు గనుక కొంత నిల్వ తప్పదు, దాన్ని ఒకే చోట కాక రెండు మూడు చోట్ల పెట్టాలి. ఇంధనం కూడా అంతే, ఖాళీ డబ్బాల తిరుగు ప్రయాణాన్ని కూడా సరఫరాలో భాగంగానే లెక్కించాలి. విడిభాగాలు, కొలతలను బట్టి ఇవ్వవలసిన దుస్తులు, బూట్లు, త్వరగా గడువు తీరే మందులు, రక్తం మాత్రం ఇండెంట్ మీదే రావాలి. ఇండెంట్ అందినట్టు, ఫలానా బండిలో బయలుదేరినట్టు అడిగినవారికి వెంటనే కబురు చేరాలి, ఆ కబురు చేరనంత కాలం రెండోసారి, మూడోసారి అడగడం ఆగదు.

బండి ఒక్కటే ఉండి, రెండింటికీ చోటు లేనప్పుడు మాత్రం నేను నిల్వ వైపే మొగ్గుతాను. ఎక్కువైన బస్తాను మోసేవారికి వీపు నొప్పి పుడుతుంది, తక్కువైన బస్తాకు ప్రాణం పోవచ్చు. ముందుగా తిండి, నీరు వెళ్లాలి. ఆ బండి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలతో పాటు, అక్కడి మెకానిక్ తన చేత్తో రాసిచ్చిన విడిభాగాల ఇండెంట్ కూడా డ్రైవర్ జేబులో ఉండాలి.