ఓడలో ఖర్చుకు ఏది మేలు: నగదా, కార్డా, ముందే కట్టేయడమా?

మొదటిసారి క్రూయిజ్, అంటే విహార ఓడ, ఎక్కినప్పుడు పర్సు నిండా డాలర్ నోట్లు పెట్టుకుని వెళ్లాను. ఆ సాయంత్రం కాఫీ కౌంటరులో నోటు చాపితే, అక్కడి కుర్రవాడు తల అడ్డంగా ఊపి నా మెడలో వేలాడుతున్న కార్డు వైపు చూపించాడు. గది తలుపు తెరిచేది అదే, రేవులో దిగి మళ్లీ ఎక్కేటప్పుడు గుర్తింపు అదే, కాఫీ నుంచి స్పా దాకా పద్దు రాసేదీ అదే. ప్రిన్సెస్ అనే సంస్థ ఓడల్లో కార్డుకు బదులు బిళ్ల లాంటి మెడాలియన్ ఇస్తారు. రూపం వేరైనా పని ఒకటే.

కాబట్టి ఓడ లోపల నగదు మేలా, కార్డు మేలా అన్న ప్రశ్నకు అర్థం కొంచెం వేరు. వాడుక కొట్లో పద్దు పెట్టినట్టు ప్రయాణం పొడవునా అన్నీ గది ఖాతాలో పడుతుంటాయి. ఆ పద్దు ఎక్కడి నుంచి తీరాలన్నదే మనం ఎక్కేటప్పుడు చెప్పాలి. క్రెడిట్ కార్డు ఇవ్వవచ్చు, డెబిట్ కార్డు ఇవ్వవచ్చు, చాలా ఓడల్లో సర్వీస్ డెస్కు దగ్గర నగదు డిపాజిట్ కట్టవచ్చు.

మూడింటిలో డెబిట్ కార్డును ముందుగా పక్కన పెట్టేస్తాను. ఖర్చుకు హామీగా ఓడవాళ్లు కార్డు మీద కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు. ఖర్చు పెరిగేకొద్దీ మళ్లీ మళ్లీ ఆపుతారు. క్రెడిట్ కార్డయితే తగ్గేది పరిమితి మాత్రమే, మన సొమ్ము కదలదు. డెబిట్ కార్డయితే బ్యాంకులో ఉన్న అసలు డబ్బే చేతికి అందకుండా పోతుంది. చివర్లో అసలు బిల్లు వసూలయ్యాక కూడా ఆ ఆపిన మొత్తాలు వెంటనే వదలవు, కొన్ని రోజులు పడుతుంది. ఒకసారి నాకు ఇదే జరిగింది. ఓడ దిగి హోటలుకు వెళితే, బిల్లూ పోయింది, బిల్లుకు ఆపినదీ అలాగే ఉంది, గది అద్దెకు కార్డు పని చేయలేదు. చేసిన ఖర్చు ఒకటి, కదలకుండా పోయిన డబ్బు దాదాపు రెండింతలు. ముందుగా డబ్బు నింపుకునే ప్రయాణ కార్డులకూ ఈ బెడద తప్పదు.

క్రెడిట్ కార్డు ఆ విషయంలో నయం. పొరపాటున పడిన ఖర్చు మీద అభ్యంతరం చెప్పుకోవడానికీ బ్యాంకు ద్వారా ఒక దారి ఉంటుంది. కానీ అందులోనూ ఒక లొసుగు ఉంది, దాన్ని చాలామంది ఇల్లు చేరి స్టేట్‌మెంట్ చూసుకునే దాకా గమనించరు. ఎక్కువ ఓడల్లో లెక్క అమెరికన్ డాలర్లలో నడుస్తుంది. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ ఓడల్లో పౌండ్లు, మధ్యధరా సముద్రంలో తిరిగే కోస్టా, ఎంఎస్‌సీ ఓడల్లో యూరోలు. మీ కార్డు వేరే దేశానిదైతే, కొన్ని సంస్థలు బిల్లును తామే మీ కరెన్సీలోకి మార్చి, మారకం రేటులో తమ లాభం కలిపి వసూలు చేస్తాయి. ‘మీ సొంత కరెన్సీలో చెల్లించే సౌకర్యం’ అని దానికి పేరు పెడతారు. సౌకర్యం ఎవరికో చెప్పనక్కర్లేదు. 1,000 డాలర్ల బిల్లు మీద ఆ లాభం 3 శాతం అనుకున్నా 30 డాలర్లు ఊరికే పోయినట్టే. ఎక్కిన మొదటి రోజే డెస్కు దగ్గరకు వెళ్లి, ఓడ కరెన్సీలోనే వసూలు చేయమని రాయించుకుంటే సరిపోతుంది. మీ బ్యాంకు విదేశీ లావాదేవీల రుసుము ఎంత వేస్తుందో కూడా బయల్దేరే ముందే చూసుకోవాలి. ఆ రుసుము లేని కార్డు ఉంటే దాన్నే తీసుకెళ్లండి.

ఇక నగదు డిపాజిట్. దీన్ని పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 400 డాలర్లు కట్టారనుకోండి, అవి అయిపోగానే ఖాతా ఆగిపోతుంది, మళ్లీ కడితే గానీ కాఫీ కూడా రాదు. మిగిలితే చివర్లో తిరిగి ఇస్తారు. చేతికి ఎముక లేనివాళ్లకు ఇంతకు మించిన కాపలా లేదు. పర్సులోంచి నోటు తీసేటప్పుడు మనసుకు కలిగే చురుకు, కార్డు తాకించేటప్పుడు కలగదు. నాలుగో రోజుకు పద్దు చూసుకుంటే ఇవన్నీ మనమే తాగామా అనిపిస్తుంది. అయితే డిపాజిట్‌తో వచ్చే ఇబ్బంది వరుసలు. కట్టడానికి ఒకటి, నింపడానికి ఒకటి, వెనక్కి తీసుకోవడానికి చివరి రాత్రో, దిగే ఉదయమో అందరికంటే పొడవైనది ఇంకొకటి. పైగా అంత నగదు వెంట మోయాలి. పిల్లలు వెంట ఉంటే మాత్రం డిపాజిట్ ఒక్కటే దారి కాదు. వాళ్ల కార్డులకు ఖర్చు పరిమితి పెట్టమనో, ఖర్చే పడకుండా ఆపమనో డెస్కులో అడగవచ్చు. వీడియో గేముల గది ఎంత తినగలదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ముందే కట్టేయడం వేరే రకం ఎంపిక. వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, పానీయాల ప్యాకేజీలు ప్రయాణానికి ముందు కొంటే సాధారణంగా ఓడలో కన్నా తక్కువకు వస్తాయి. వైఫై ఎలాగూ కావాలనుకుంటే ముందే కొనడంలో ఆలోచించాల్సింది లేదు. పానీయాల ప్యాకేజీ, అంటే రోజుకు ఇంత అని ముందే కట్టి తాగే ఏర్పాటు, దాని దగ్గరే లెక్క తప్పుతారు. రోజుకు 70 డాలర్ల ప్యాకేజీ, విడిగా ఒక్కో పానీయం 14 డాలర్లు అనుకుందాం. రెండింటి మీదా 18 నుంచి 20 శాతం దాకా టిప్పు దానంతటదే పడుతుంది కాబట్టి దాన్ని వదిలేసినా, రోజుకు 5 తాగితే సరికి సరి. రేవులో దిగి పొద్దంతా ఊరు తిరిగే రోజు కూడా 5. పైగా కొన్ని సంస్థల్లో గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే అదే గదిలోని పెద్దలందరూ కొనాలి. కార్నివాల్ అనే సంస్థ ప్యాకేజీలో రోజుకు 15 మద్యం గ్లాసులే అన్న హద్దు కూడా ఉంది. ఆ హద్దు తగిలేవాడికి డబ్బు కన్నా పెద్ద సమస్యలే ఉంటాయి, అది వేరే సంగతి. నాకు విడిగా కొనుక్కోవడమే చవకైంది.

సిబ్బంది టిప్పును మాత్రం ముందే కట్టేయడం నాకిష్టం. అమెరికన్ మార్కెట్‌లో నడిచే పెద్ద సంస్థలు ఆ టిప్పును మామూలు గదుల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా గది ఖాతాలో తామే వేస్తాయి. ఇద్దరు ఏడు రాత్రులకు వెళితే 224 నుంచి 280 డాలర్లు. టికెట్ ధర చూసి మురిసిపోయినవాళ్లకు ఈ ఒక్క ఖర్చుతోనే పద్దు తడిసి మోపెడవుతుంది. ముందే కడితే కనీసం అది సెలవు ఖర్చులో కలవదు.

రేవులో దిగాక పరిస్థితి తలకిందులు. అక్కడ రాజు నగదే. టాక్సీ, వీధి దుకాణం, సామాను మోసినవారికి ఇచ్చే టిప్పు, వీటన్నిటికీ చిన్న నోట్లు కావాలి. కరీబియన్ దీవుల్లో డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు గానీ చిల్లర స్థానిక నాణేల్లో రావచ్చు, అవి వేరేచోట పనికిరాకపోవచ్చు. 20 డాలర్ల నోటు ఇచ్చి చిల్లర కోసం బేరమాడడం కన్నా 1, 5 డాలర్ల నోట్లు ఇంటి నుంచే సర్దుకెళ్లడం తెలివి. ఓడలోని ఏటీఎం మీద ఆధారపడితే రుసుము గట్టిగానే తగులుతుంది. క్యాసినోలో ఆడేవాళ్లకూ నగదే మేలు. గది ఖాతా నుంచి ఆట డబ్బు తీస్తే కొన్ని సంస్థలు దాని మీదా రుసుము వేస్తాయి.

నేను ఇప్పుడు చేస్తున్నది ఇది: ఖాతాకు క్రెడిట్ కార్డు, టిప్పులూ వైఫై ముందే, రేవుల కోసం రోజుకు ఇంత అని విడివిడి కవర్లలో చిన్న నోట్లు, అవి గదిలోని లాకర్‌లో. రెండు రోజులకోసారి యాప్‌లోనో, టీవీలోనో పద్దు చూస్తాను. తాగని నీళ్ల సీసా ఒకటి నా పద్దులో కనిపిస్తే ఆ రోజే తీయించుకున్నాను. దిగే ఉదయం డెస్కు ముందున్న వరుసలో నిలబడి అదే మాట చెప్పాలంటే, చాలామంది పోనీలే అని వదిలేస్తారు.

ఏజెంటో, సంస్థో బహుమతిగా ఇచ్చిన ఆన్‌బోర్డ్ క్రెడిట్, అంటే ఓడలో ఖర్చుకని మన ఖాతాలో వేసిన సొమ్ము, ఉంటే అది నగదుగా తిరిగి వచ్చే రకమో, కాదో మొదటి రోజే అడగండి. కాని రకమైతే చివరి రాత్రి దుకాణాలు మూసేలోపు ఖర్చు చేయాలి. పోయినసారి నాకు 12 డాలర్లు మిగిలాయి. ఓడ బొమ్మ వేలాడే తాళంచెవుల గొలుసు ఒకటి కొన్నాను. అది 14 డాలర్లు.